అరిటాకు సంగతి సరే, ముల్లు ఫోటో ఏది?

ఫోన్లో తెలుగు వార్తలు చూసేవాళ్ళందరికీ ఆ బొమ్మ తెలుసు. నల్లటి గోడ. మూలన ముడుచుకుని కూర్చున్న అమ్మాయి. మోకాళ్ళలో తల, ముందుకు పడ్డ జుట్టు, మొహం కనిపించదు. ఆమె మీదికి వస్తున్న ఒక పెద్ద చెయ్యి, అదీ నీడ మాత్రమే. ఏ ఊళ్ళో ఏ అఘాయిత్యం జరిగినా, బాధితురాలికి ఆరేళ్ళయినా అరవయ్యేళ్ళయినా, వార్త పక్కన పడేది ఆ బొమ్మే.

అలా ఎందుకంటే దానికో కారణం ఉంది. అత్యాచార బాధితురాలి పేరు, గుర్తింపు బయటపెట్టకూడదని 1983లో భారత శిక్షాస్మృతిలో 228ఎ సెక్షన్ చేర్చారు. ఇప్పుడది, శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయసంహితలో 72వ సెక్షన్. మంచి చట్టమే. ఫోటో వెయ్యకూడదు, వార్త పక్కన ఖాళీ ఉండకూడదు, కాబట్టి మొహం లేని అమ్మాయి వచ్చి కూర్చుంది. సరే. మరి ఆ చేతిని నీడ చెయ్యమని ఏ చట్టం చెప్పింది? నీడ అనగానే మనకు చీకటి సందు, ముక్కూ మొహం తెలియని మనిషి గుర్తొస్తాయి. దేశంలో నేరాల లెక్కలు చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే లెక్కల్లో చూస్తే అత్యాచార కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. ఇంటివాళ్ళు, చుట్టాలు, పక్కింటివాళ్ళు, పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చినవాళ్ళు. రోజూ చూసే మొహాన్ని తీసేసి నీడ గీస్తున్నామన్నమాట.

ఆ బొమ్మ వెనకున్నది మనందరం విన్న సామెతే. ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే. నాకిది మొదట చెప్పింది మా అమ్మమ్మ, ఏడో తరగతిలో ట్యూషన్ నుంచి ఆలస్యంగా వచ్చిన రోజున. ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఆవిడ చూసిన లోకం అదే. కానీ ఈ సామెతలో ఒక మెలిక ఉంది. ముల్లు వచ్చి పడటం, ఆకు వెళ్ళి పడటం రెండూ ఒకటే అంటుంది. ఎవరు ఎవరి మీద పడ్డారో అనవసరం అంటుంది. అది అనవసరమైతే ఇక మిగిలేది ఆకుకు చెప్పే జాగ్రత్తలే. ముల్లుకు చెప్పడానికేముంది, అది ముల్లు కదా.

అరవై ఏళ్ళుగా రకరకాల దేశాల్లో స్త్రీవాద కళాకారిణులు, ఫోటోగ్రాఫర్లు కెలుకుతున్నది దీన్నే, వాళ్ళకు ఈ సామెత తెలియకపోయినా. వాళ్ళ పనుల్లో కొన్ని మొదటిసారి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కొన్ని చూస్తే 'ఇదేం కళ?' అనిపిస్తుంది. అలా అనిపించినవాటిలో కొన్నిటిని ఇక్కడ విప్పి చూద్దాం.

ముందు మాటల సంగతి. వల్నరబిలిటీ అనే ఇంగ్లీషు మాటకు తెలుగులో అతికే మాట లేదు. బలహీనత అంటాం, నిస్సహాయత అంటాం, రెండూ చాలవు. అసలు అర్థం దెబ్బ తగలడానికి వీలుండటం. ఆ వీలు ఎవరికి లేదు? రోడ్డు దాటే ప్రతివాడి ఒంటికీ ఉంది. కానీ 'అబల' అన్నామంటే, అందరి ఒంటికీ ఉన్న ఆ గుణాన్ని తీసుకెళ్ళి ఒక్క ఆడవాళ్ళ ఖాతాలో వేసేసినట్టు. 'మానభంగం' చూడండి, భంగమైంది ఆమె మానం. 'చెడిపోయింది' అంటే చెడింది ఆమె. 'అత్యాచారం' అన్న మాట మాత్రం హద్దు మీరినవాడి గురించి మాట్లాడుతుంది. పత్రికలు మెల్లగా మొదటి మాట వదిలి ఈ మాటకు రావడం చిన్న మార్పు కాదు. ఇక 'అమ్మాయిల్ని ఏడిపించడం' అనే మాట ఉంది. ఏడిపించడం అంటే ఏడ్చేలా చెయ్యడం. కానీ మన వాడుకలో అది సరదా, కాలేజీ గోడ మీద కూర్చుని చేసే కాలక్షేపం. మాటలోనే ఏడుపు ఉన్నా అది ఎవరికీ వినపడదు.

ఈ మాటల చుట్టూ రెండు ధోరణులు పెరిగాయి. ఆమె బలహీనురాలు, పాపం, కాపాడాలి అనేది ఒకటి. ఆ వేళప్పుడు, ఆ బట్టలతో ఎందుకు వెళ్ళింది అనేది రెండోది. ఒకటి జాలి, ఇంకొకటి కోపం. చూడటానికి ఎదురెదురుగా ఉంటాయి గానీ రెండిటి కళ్ళూ ఆకు మీదే.

కత్తెర ఎవరి చేతిలో

1964 జులై, జపాన్‌లోని క్యోటో. కళాకారిణి యోకో ఓనో వేదిక మీదికొచ్చి, తనకున్నవాటిలో మంచి బట్టలు వేసుకుని, మోకాళ్ళు మడిచి కూర్చుంది. ముందు ఒక కత్తెర పెట్టుకుంది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వేదికెక్కి, ఆమె బట్టల్లో కాస్త ముక్క కత్తిరించుకుని పట్టుకుపోవచ్చు. అంతే. దీని పేరు 'కట్ పీస్'. మరుసటి ఏడాది న్యూయార్క్ కార్నెగీ రిసైటల్ హాల్లో చేసినప్పుడు డాక్యుమెంటరీలు తీసే మేజిల్స్ సోదరులు ఫిల్మ్ తీశారు. నిడివి పది నిమిషాల లోపే.

మొదట వచ్చినవాళ్ళు బెరుకుగా వస్తారు. చేతి అంచునో చొక్కా కొసనో చిన్న ముక్క కత్తిరించి, దండం పెట్టినంత పని చేసి దిగిపోతారు. తర్వాత్తర్వాత ముక్కలు పెద్దవవుతాయి. చివర్లో ఒక కుర్రాడు వస్తాడు. అతనికి తొందరేం లేదు. చుట్టూ తిరుగుతాడు, నిదానంగా లోపలి బట్ట ముందు భాగం కత్తిరిస్తాడు, తర్వాత బ్రా పట్టీలు. హాల్లో ఎవరో అతన్ని ఎద్దేవా చేస్తారు, ఎవరో నవ్వుతారు. ఎవరూ లేచి ఆపరు. ఓనో అప్పటిదాకా రాయిలా కూర్చుంది. అప్పుడు మాత్రం కళ్ళు ఒక్కసారి అటూ ఇటూ కదులుతాయి, చేతులు రొమ్ముల మీదికి వస్తాయి.

తెలుగువాళ్ళకు ఇది చూస్తే కౌరవసభ గుర్తు రాక మానదు. నాకూ వచ్చింది. కానీ తేడా చూడండి. మన కథలో చీర తరగదు. దేవుడు బట్ట సరఫరా చేస్తూనే ఉంటాడు కాబట్టి సభలో కూర్చున్న పెద్దలు చివరిదాకా ఏమీ చెయ్యకుండా గడిపేయొచ్చు. ఇక్కడ పైనుంచి బట్ట రాదు. ఆపాలంటే ఆ హాల్లో ఉన్నవాళ్ళే ఆపాలి. ఇంకో సంగతి, ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. ఓనో తనే వచ్చి కూర్చుంది, తనే కత్తెర పెట్టింది. 'అడిగి తెచ్చుకుంది కదా' అనడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు. అయినా ఆ ఫిల్మ్ చూస్తున్నంతసేపు మన కళ్ళు ఆమె మీద కన్నా కత్తెర పట్టినవాడి మీదే ఎక్కువ నిలుస్తాయి. ఎంత కత్తిరిస్తాడు? నేనైతే ఎంత కత్తిరించేదాన్ని? సామెత తిరగబడటం అంటే ఇదే.

నిజానికి ఓనో దీన్ని మొదట్లో స్త్రీవాద కళ అని చెప్పుకోలేదు. ఇవ్వడం, వదులుకోవడం గురించి మాట్లాడింది. చేసేవాళ్ళు ఆడవాళ్ళే కానక్కరలేదని కూడా తన సూచనల్లో రాసింది. స్త్రీవాద వ్యాఖ్యానం తర్వాతి తరాలది. 2003లో, డెబ్భై ఏళ్ళ వయసులో, పారిస్‌లో మళ్ళీ చేసింది. ముసలావిడ ముందు కత్తెరతో నిలబడ్డవాళ్ళ చేతులు వేరేగా కదిలి ఉంటాయని ఊహిస్తాను.

క్యోటో ప్రదర్శన జరిగిన పదేళ్ళకు, 1974లో, ఇటలీలోని నేపుల్స్‌లో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి ఇదే ప్రశ్నను ఇంకా ముందుకు తోసింది. బల్ల మీద 72 వస్తువులు. గులాబీ, ఈక, తేనె ఉన్నాయి. కత్తెర, కొరడా, శస్త్రచికిత్స కత్తి, ఒక తుపాకీ, ఒక తూటా కూడా ఉన్నాయి. ఇవన్నీ నా మీద మీ ఇష్టమొచ్చినట్టు వాడుకోండి, 6 గంటలసేపు నేనొక వస్తువును, బాధ్యత నాదే అని రాసిపెట్టి నిలబడింది. ఆమె చెప్పినదాని ప్రకారం మొదట గులాబీ చేతికిచ్చారు, ముద్దు పెట్టుకున్నారు. గంటలు గడిచేకొద్దీ బట్టలు కత్తిరించారు, ఒంటి మీద గాట్లు పెట్టారు. ఒకడు తుపాకీ నింపి ఆమె మెడ మీద గురిపెట్టాడు. అప్పుడు ఇంకొందరు అడ్డుపడి గొడవ చేశారు. సమయం అయిపోగానే ఆమె కదిలి జనం వైపు నడిచింది. అందరూ పారిపోయారు. 6 గంటలపాటు ఏమైనా చెయ్యగలిగినవాళ్ళు, ఆమె మళ్ళీ మనిషి కాగానే కళ్ళలోకి చూడలేకపోయారు.

నాకు ఈ రెండిట్లో ఓనోదే పెద్ద పని అనిపిస్తుంది. అబ్రమోవిచ్ బల్ల మీద తుపాకీ పెట్టి మనల్ని భయపెట్టింది. ఓనో ఉత్త కత్తెర, అదీ ప్రతి ఇంట్లో ఉండేది, పెట్టి అంతకన్నా ఎక్కువ చెప్పింది.

చూసినవాళ్ళ బుర్రలో

సిండీ షెర్మన్ సంగతి ఇంకో రకం. ఆమె ఫోటోల్లో మోడలూ ఆమే, మేకప్పూ ఆమే, కెమెరా పట్టిందీ ఆమే. 1981లో ఆర్ట్‌ఫోరమ్ అనే కళా పత్రిక ఆమెను బొమ్మలు అడిగింది. మగవాళ్ళ పత్రికల్లో మధ్యలో రెండు పేజీల నిండా అడ్డంగా పడుకున్న అమ్మాయి బొమ్మ వేస్తారు కదా, షెర్మన్ అదే కొలతలో 12 ఫోటోలు తీసింది. రెండడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. పడుకున్న అమ్మాయే, పైనుంచి చూస్తున్న కెమెరానే. కాకపోతే ఆ అమ్మాయిలు మనకోసం నవ్వడం లేదు. ఏదో ఆలోచనలో, భయంలో, అలసటలో ఉన్నారు. ఒకామె గచ్చు మీద వెల్లకిలా పడుకుని చేతిలో చిరిగిన పేపరు ముక్క పట్టుకుంది. జనం అపార్థం చేసుకుంటారేమోనని పత్రిక వాటిని వెయ్యలేదు.

వాటిలో 93వ నంబరు ఫోటో మీద పెద్ద గొడవ. నల్ల దుప్పటి మెడదాకా లాక్కున్న అమ్మాయి, చెదిరిన జుట్టు, ఉబ్బిన కళ్ళు. చూసినవాళ్ళలో చాలామంది ఆమె అత్యాచారానికి గురైందనే అనుకున్నారు. షెర్మన్ మాత్రం, రాత్రంతా పార్టీ చేసుకుని తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటే మొహం మీద ఎండ పడి లేచిన అమ్మాయిని ఊహించానంది.

ఈ కథ నాకు చాలా ఇష్టం. ఫోటోలో గాయం లేదు, రక్తం లేదు, మగవాడు లేడు. మంచం మీద చెదిరిన జుట్టుతో ఒక అమ్మాయి ఉంటే చాలు, మిగతా కథంతా మనమే అల్లేశాం. అంటే ఆ నిస్సహాయత ఫోటోలో లేదు, మనం వెంట తెచ్చుకున్నాం. అయితే పత్రిక ఎడిటర్ భయం కూడా తీసిపారెయ్యలేం. అవమానించే బొమ్మను ఎగతాళి చెయ్యడానికి అదే బొమ్మ మళ్ళీ వేస్తే, చూసేవాడికి ఎగతాళి అర్థమవుతుందన్న గ్యారంటీ ఏమీ లేదు. స్త్రీవాద కళ లోపల నలభై ఏళ్ళుగా నడుస్తున్న పోట్లాట ఇదే.

గాయాన్ని చూపిస్తే గాయం పెరుగుతుందా

1973లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో నర్సింగ్ చదివే ఒక అమ్మాయిని అత్యాచారం చేసి చంపేశారు. అక్కడే కళ చదువుతున్న ఆనా మెండియెటా, 1961లో చిన్నపిల్లగా క్యూబా నుంచి వచ్చిన అమ్మాయి, కొన్నాళ్ళకు తోటి విద్యార్థుల్ని తన గదికి రమ్మంది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఆమె బల్ల మీదికి వంగి, చేతులు కట్టేసి, నడుము నుంచి కిందికి బట్టలు లేకుండా, కాళ్ళ మీదుగా రక్తం కారుతూ ఉంది. చుట్టూ పగిలిన గిన్నెలు. పత్రికలు రాసిన వివరాలన్నీ అక్కడున్నాయి. వచ్చినవాళ్ళు కూర్చుని దాని గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారట. ఆమె గంటసేపు కదల్లేదు.

మన దగ్గర 2014లో జరిగింది దీని పక్కన పెట్టి చూడాలి. ముంబయిలో ఒక ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ బస్సులో అమ్మాయిని మగవాళ్ళు చుట్టుముట్టినట్టు, ఖరీదైన బట్టలతో ఫోటోలు తీసి ఇంటర్నెట్లో పెట్టాడు. ఢిల్లీ ఘటన జరిగి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. దేశమంతా దుమ్మెత్తిపోసింది, ఫోటోలు తీసేశాడు. ఇద్దరూ చేసింది హింసను నటించి చూపించడమే కదా, ఒకటి కళ, ఇంకొకటి నీచం ఎలా అయింది అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. ఫ్యాషన్ ఫోటోలో ఆమె భయం బట్టకు అలంకారం. కాంతి బావుంటుంది, కోణం బావుంటుంది, పేజీ తిప్పేస్తాం. మెండియెటా గదిలో మనం తలుపు తోసుకుని వెళ్ళాలి. వెళ్ళాక కూర్చోవాలా, కట్లు విప్పాలా, బయటికి పోవాలా అన్నది మనమే తేల్చుకోవాలి. పైగా బల్ల మీదున్న ఒళ్ళు ఆమెదే, అద్దెకు తెచ్చిన ఇంకొకరిది కాదు.

1973లోనే మెండియెటా చేసిన ఇంకో పని ఇంతకన్నా నిశ్శబ్దమైనది, నాకు ఇంతకన్నా గుచ్చుకున్నది. అయోవా సిటీలో ఒక భవనం తలుపు దగ్గర, లోపల్నుంచి కారినట్టు కాలిబాట మీద రక్తం పోసి, ఎదురుగా కారులో కూర్చుని దారినపోయేవాళ్ళను కెమెరాతో తీసింది. జనం వస్తారు, కిందికి చూస్తారు, పక్కనుంచి నడిచిపోతారు. ఒకావిడ గొడుగు కొసతో పొడిచి చూసి వెళ్ళిపోతుంది. చివరికి ఒకతను వచ్చి శుభ్రం చేసేస్తాడు. తలుపు తట్టి లోపల ఎవరికేమైందని అడిగినవాళ్ళు లేరు. ఇందులో ఆడమనిషి ఒళ్ళు అసలు లేదు. ఉన్నదంతా చూసి వెళ్ళిపోయేవాళ్ళే.

ఇంటి లోపలి హింసను కెమెరాకెక్కించడం మరీ కష్టం, ఎందుకంటే అక్కడికి కెమెరాకు పిలుపుండదు. డోనా ఫెరాటో 1982లో ఒక సంపన్న జంట విలాస జీవితాన్ని ఫోటోలు తీయడానికి వాళ్ళింట్లో ఉంటూ ఉండగా, ఒక రాత్రి బాత్రూంలో భర్త భార్యను కొట్టడం చూసింది. క్లిక్ చేసింది. ఫోటో తీస్తే ఆగుతాడనుకుంది. అతను మళ్ళీ చెయ్యెత్తాడు. అప్పుడు వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఫోటో ముందా, చెయ్యి పట్టుకోవడం ముందా అన్న ప్రశ్న ఆమెను ఇప్పటికీ వదల్లేదు, వదలకూడదు కూడా. కానీ ఆ ఫోటోలో ముల్లు నీడ కాదు. ఇస్త్రీ బట్టలు వేసుకునే, పేరున్న ఇంటి పెద్దమనిషి. ఫెరాటో ఆ తర్వాత దశాబ్దాలపాటు ఇంటి హింసను ఫోటోలు తీస్తూ వచ్చింది.

ఫోటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ అయితే బయటివాళ్ళ కోసం చూడలేదు. ప్రియుడు కొట్టిన నెల తర్వాత, 1984లో, తన మొహాన్నే ఫోటోకిచ్చింది. ఎడమకంటి తెల్లగుడ్డులో ఎర్రగా రక్తం, కళ్ళ కింద కమిలిన నలుపు. ఆ మొహానికి ఎర్రటి లిప్‌స్టిక్ శుభ్రంగా వేసుకుంది, చెవులకు వేలాడే దుద్దులు, మెడలో ముత్యాలు. జుట్టు దువ్వుకుంది. సూటిగా మనవైపే చూస్తోంది. మన వార్తల బొమ్మలో మోకాళ్ళలో తల దాచుకున్న అమ్మాయిని ఈమె పక్కన కూర్చోబెట్టి చూడండి. దెబ్బ తిన్న మనిషి దెబ్బగా మాత్రమే మిగలదని, ఆ పూట ఏ రంగు లిప్‌స్టిక్ వెయ్యాలో కూడా ఆలోచిస్తుందని మనకు ఎవరూ చూపించలేదు. మళ్ళీ అతని దగ్గరికి వెళ్ళకుండా ఉండటానికే ఈ ఫోటో తీయించుకున్నానని గోల్డిన్ చెప్పింది. అంటే మొదట అది మనకోసం తీసింది కాదు, తనకు తను రాసుకున్న చీటీ.

ఎలా కూర్చోవాలో ఎవరు చెప్పాలి

ఢిల్లీలో 1980లలో వరకట్న చావులకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన ఆడవాళ్ళను షీబా ఛాఛీ ఫోటోలు తీసింది. ఆమె బయటినుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ కాదు, ఆ ఉద్యమంలో మనిషి. ఆ ఫోటోల్లో ఒక ముఖం సత్యరాణీ చడ్ఢా. పెళ్ళయిన కూతురు 1979లో కాలి చనిపోయాక, ఆవిడ దశాబ్దాలపాటు కోర్టుల చుట్టూ తిరిగింది. అత్తింటి వేధింపులు పడే ఆడవాళ్ళ కోసం 1987లో తనలాగే కూతుర్ని పోగొట్టుకున్న షాజహాన్ ఆపాతో కలిసి శక్తి శాలిని అనే సంస్థ పెట్టింది.

కొన్నేళ్ళు పోయేసరికి ఛాఛీకి తన ఫోటోల మీదే అనుమానం వచ్చింది. ఎత్తిన పిడికిలి, అరుస్తున్న నోరు. ఏడ్చే ఆడమనిషి బొమ్మ ఎంత అరిగిపోయిందో, అరిచే ఆడమనిషి బొమ్మా అంత అరిగిపోతోంది. రెండిట్లోనూ ఆ మనిషి ఎవరో తెలియదు. అందుకని ఏడుగురు ఉద్యమ స్త్రీలను అడిగింది: మీ ఫోటో ఎలా ఉండాలో మీరే చెప్పండి. ఎక్కడ, ఏ వస్తువులతో, ఏ భంగిమలో అన్నది వాళ్ళే తేల్చుకున్నారు. సత్యరాణి ఎంచుకున్న చోటు సుప్రీంకోర్టు. ఊరేగింపు ఫోటోలు, ఈ ఫోటోలు కలిపితే 'సెవెన్ లైవ్స్ అండ్ ఎ డ్రీమ్' అయింది.

బయటికి చూస్తే ఇది చిన్న మార్పు. ఫోటో స్టూడియోలో మనం ఎలా కూర్చోవాలో మనమే చెప్పుకోమా అనిపిస్తుంది. కానీ పత్రికలో పడే బాధితురాలి ఫోటో ఎప్పుడైనా ఆమెను అడిగి తీశారా? తల్లి గుండెలు బాదుకుంటుంటే మైకులు పెట్టి తీస్తారు. అదే తల్లి పదేళ్ళు కాగితాలు చదివి, లాయర్లతో వాదించి, ఇంకో పదిమందికి దారి చూపించినప్పుడు కెమెరా ఉండదు.

ఫోటో కాకపోయినా, ఈ మాట వచ్చినప్పుడు నీలిమా షేక్ 1984లో వేసిన 12 చిత్రాలను వదిలి వెళ్ళలేను. 'వెన్ చంపా గ్రూ అప్'. ఆమెకు తెలిసిన ఒక అమ్మాయి కథ. పహాడీ సూక్ష్మచిత్రాల తరహాలో, లేత రంగుల్లో, ముందు ఉయ్యాల ఊగే పిల్ల, సైకిల్ తొక్కే పిల్ల. తర్వాత పెళ్ళి. తర్వాత వంటిల్లు. తర్వాత మంట. మన ఇళ్ళలో 'స్టవ్ పేలింది' అని చెప్పుకున్న చావులెన్నో. ఆ మాట వెనక జరిగిందేమిటో ఆవిడ వరసగా, గొంతు పెంచకుండా గీసింది. సైకిల్ తొక్కిన పిల్లను ముందు చూశాం కాబట్టి చివరి కాగితాలు చూడటం కష్టమవుతుంది.

దిశ ఘటన రోజుల్లో నేను వీటి గురించి చాలా ఆలోచించాను. 2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర ఆ ఘోరం జరిగినప్పుడు, దిశ అని పేరు పెట్టేలోపే ఆమె అసలు ఫోటో ప్రతి ఫోన్లోనూ తిరిగింది. అమ్మాయిలు పాటించాల్సిన జాగ్రత్తల జాబితాలు దాని వెంటే తిరిగాయి. డిసెంబరు 6న నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిపినవేనని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చేసరికి ఎవరికీ ఆసక్తి లేదు. మొదటి బొమ్మ నిస్సహాయ స్త్రీ, చివరి బొమ్మ పూలవాన. మధ్యలో ఇంకే బొమ్మా లేదు.

మధ్యలో ఏముండొచ్చో 1977లో లాస్ ఏంజెలిస్‌లో సుజాన్ లేసీ చూపించింది. మే నెలలో మూడు వారాలపాటు రోజూ పోలీసుల దగ్గర కేసుల వివరాలు తీసుకుని, సిటీ హాల్ దగ్గరి షాపింగ్ సెంటర్లో పెట్టిన పెద్ద నగర పటం మీద అత్యాచారం జరిగిన ప్రతి చోటా ఎర్ర ముద్ర కొట్టింది. దాని చుట్టూ తొమ్మిది లేత ముద్రలు, పోలీసుల దాకా రానివాటికి. పక్కనే ఇంకో పటం, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పేది. మీ వీధి మీద ముద్ర ఉందో లేదో వెతుక్కోకుండా ఎవరూ వెళ్ళలేరు. చీకటి సందు లేదు, నీడ చెయ్యి లేదు, మన ఇంటి అడ్రసే ఉంది.

ముల్లు ఫోటో, చెట్టు కింద నిద్ర

టైటిల్లో అడిగిన ఫోటో దగ్గరికి ఇప్పుడొచ్చాను. 1973లో న్యూయార్క్‌లో లారీ ఆండర్సన్ తన వీధిలో నడుస్తుంటే కామెంట్లు విసిరే మగవాళ్ళ వైపు తిరిగి, వాళ్ళ ఫోటోలే తీసింది. కళ్ళ మీద తెల్ల పట్టీ వేసి, పక్కన ఆ మనిషి ఏమన్నాడో, కెమెరా ఎత్తగానే ఏం చేశాడో రాసింది. ఒకడు 'అన్నాను, అయితే ఏంటి?' అని ఎదురు తిరుగుతాడు. చాలామంది ముందు ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, చివరికి పోజిచ్చారు. వాళ్ళకు సిగ్గు కలగకపోవడమే ఆ పనిలో అసలు సమాచారం. ఇంటర్ రోజుల్లో కిక్కిరిసిన బస్సులో వెళ్ళడానికి మా అమ్మ నా చున్నీకి ఒక పిన్నీసు ఎక్కువ పెట్టేది, ఎందుకో చెప్పకుండా. కెమెరా ఇచ్చి ఉంటే ఏమయ్యేదో!

మన దేశంలో ఈ దారిలో ఎక్కువ దూరం నడిచింది బెంగళూరులో జస్మీన్ పథేజా 2003లో విద్యార్థినిగా మొదలుపెట్టిన బ్లాంక్ నాయిజ్. ఈవ్ టీజింగ్ అనే ముద్దు పేరు తీసేసి, దాన్ని వీధి హింస అని పిలవాలని పట్టుబట్టింది. వేధింపు జరిగిన రోజు మీరు వేసుకున్న బట్ట పంపండి అని ఆడవాళ్ళను అడిగింది. 'ఐ నెవర్ ఆస్క్ ఫర్ ఇట్', నేనెప్పుడూ కోరుకోలేదు అని దాని పేరు. స్కూల్ యూనిఫాంలు, సల్వార్ కమీజులు, చీరలు, జీన్సులు. వాటిని వరసగా వేలాడదీస్తే 'ఏం బట్టలేసుకుంది?' అనే ప్రశ్నకు జవాబు కళ్ళముందే ఉంటుంది, ఏదో ఒకటి వేసుకుంది. రోజూ మనం వేసుకునేదే.

వాళ్ళదే ఇంకో పని 'మీట్ టు స్లీప్'. ఆడవాళ్ళు కలిసి పబ్లిక్ పార్కుకు వెళ్ళి, దుప్పటి పరుచుకుని పడుకోవడం. 2010ల మధ్యలో మొదలై చాలా ఊళ్ళకు పాకింది. నినాదాలు లేవు, బ్యానర్లు లేవు. నిద్రపోయిన మనిషి కన్నా దెబ్బ తగలడానికి వీలున్న మనిషి ఎవరుంటారు? ఆ వీలును దాచుకోకుండా ఎండలో పరిచి పెట్టడమే పని. దీని మీద నాకో అభ్యంతరం ఉంది, చెప్పేస్తాను. పాలమూరు నుంచి కూలికి వలస వెళ్ళిన ఆడవాళ్ళు ఊరుగాని ఊళ్ళో ఫుట్‌పాత్‌ల మీద, కడుతున్న భవనాల కింద పడుకుంటారు. వాళ్ళెవరూ దాన్ని కళ అనుకోరు. ఇల్లున్నవాళ్ళు బయట పడుకుంటే తిరుగుబాటు, ఇల్లు లేనివాళ్ళు పడుకుంటే గతిలేనితనం. ఈ తేడా గుర్తు పెట్టుకునే చూడాలి. గుర్తు పెట్టుకున్నాక కూడా, ఆ పని నన్ను వదల్లేదు.

పోయిన చలికాలం ఒక ఆదివారం మధ్యాహ్నం నేనూ నా స్నేహితురాలూ మా కాలనీ పార్కుకు ఒక దుప్పటి, రెండు దిండ్లు పట్టుకెళ్ళాం. బెంచీల మీద అప్పటికే ముగ్గురు మగవాళ్ళు పడుకుని ఉన్నారు. ఒకాయన మొహం మీద పేపరు కప్పుకుని గురక పెడుతున్నాడు. మేం వేపచెట్టు కింద దుప్పటి పరిచి పడుకున్నాం. రెండు నిమిషాలు కళ్ళు మూసుకున్నానో లేదో, తలకింద పెట్టుకున్న బ్యాగు తడుముకున్నాను. చెప్పుల చప్పుడైన ప్రతిసారీ ఒక కన్ను తెరిచాను. పది నిమిషాలకు వాచ్‌మన్ వచ్చాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది బాబాయ్. నిద్రొస్తోంది."

ఆయన కాసేపు నిలబడ్డాడు. బెంచీల వైపు చూశాడు, మావైపు చూశాడు. "ఇంట్లో ఎవరూ లేరామ్మా?" అన్నాడు. ఉన్నారని చెప్పాం. మంచి మనిషి. పొమ్మనలేదు. గేటు దగ్గరికి వెళ్ళి తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, మాకు నాలుగడుగుల దూరంలో వేసుకుని, లాఠీ ఒళ్ళో పెట్టుకుని కాపలా కూర్చున్నాడు. ఇక మాకు నిద్ర ఎక్కడిది.